పీ0171 చెరిపిన ప్రతిసారీ మళ్ళీ వస్తోంది, ఆక్సిజన్ సెన్సర్ మార్చాలా?

ఐడిల్_ఊగుడు
1.6 లీటర్ల పెట్రోలు ఇంజిన్, నాలుగు సిలిండర్లు, టర్బో లేదు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటగానే మాఫ్ సెన్సర్ (లోపలికెళ్ళే గాలి ఎంతో కొలిచేది) ఉంది. చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. ఓబీడీ పోర్టులో (కోడ్లు చదివే సాకెట్) బ్లూటూత్ ఈఎల్ఎం327 అడాప్టర్ పెట్టి చూస్తే పీ0171, సిస్టమ్ టూ లీన్, బ్యాంక్ 1, అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. యాప్‌లోనే చెరిపేశా. మూడో రోజుకి మళ్ళీ అదే. మళ్ళీ చెరిపా, మళ్ళీ వచ్చింది. ఈసారి దాని కింద పెండింగ్ అని మిస్‌ఫైర్ కోడ్ పీ0300 కూడా చూపిస్తోంది. పొద్దున స్టార్ట్ చేశాక ఐడిల్ 650కీ 850కీ మధ్య ఊగుతుంది, రోడ్డెక్కాక ఏ తేడా తెలీదు. షెడ్డులో అడిగితే "లీన్ అని చెప్పేదే ఆక్సిజన్ సెన్సర్, అదే పోయింది, మార్చేద్దాం" అంటున్నారు. మార్చేయనా?

మల్టీమీటర్_మామ
మార్చకు. జ్వరమొచ్చిందని థర్మామీటర్ మార్చరు కదా. పీ0171 అంటే ఆక్సిజన్ సెన్సర్ చెడిందని కాదు. ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, పెట్రోలు పెంచుతూ పెంచుతూ పోయి తన హద్దు దాకా వచ్చినా ఇంకా గాలే ఎక్కువగా కనిపిస్తోందని. సెన్సర్ సర్క్యూట్ మీద అనుమానం ఉంటే దానికి పీ0130 నుంచి వేరే కోడ్లు ఉన్నాయి.

ఇంతకీ చెరిపే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ రాసుకున్నావా?

ఐడిల్_ఊగుడు
ఫ్రీజ్ ఫ్రేమ్ అంటే?

మల్టీమీటర్_మామ
అనుకున్నా.

కాన్‌బస్_కండక్టర్
మామ కోప్పడకముందే నేను చెబుతా. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ ఏ స్థితిలో ఉందో ఈసీయూ ఒక ఫోటో తీసి పెట్టుకుంటుంది. ఆర్పీఎం, స్పీడు, కూలెంట్ వేడి, లోడ్, ఫ్యూయల్ ట్రిమ్‌లు అందులో ఉంటాయి. ట్రిమ్ అంటే ఈసీయూ మామూలు లెక్క కంటే పెట్రోలు ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో. షార్ట్ టర్మ్ అప్పటికప్పుడు సర్దేది, లాంగ్ టర్మ్ నేర్చుకుని దాచుకున్నది. స్కానర్ ఈసీయూని అడిగే ప్రశ్నల రకాలే మోడ్లు, ఇది మోడ్ 02లో దొరుకుతుంది. నువ్వు కోడ్ చెరిపినప్పుడల్లా, అంటే మోడ్ 04 పంపినప్పుడల్లా, ఆ ఫోటో పోతుంది. దాంతోపాటు రెడీనెస్ మానిటర్లన్నీ (ఈసీయూ తనే చేసుకునే పరీక్షలు) సున్నాకి వెళ్తాయి, చాలా బండ్లలో నేర్చుకున్న లాంగ్ టర్మ్ ట్రిమ్ కూడా. దొంగ వేలిముద్రలు మనమే తుడిచి మళ్ళీ దొంగెవరని అడిగినట్టు.

ఇప్పుడు కోడ్ మళ్ళీ వచ్చింది కాబట్టి ఫోటో మళ్ళీ ఉంటుంది. ఏదీ చెరపకుండా ఆ అంకెలు ఇక్కడ పెట్టు.

పానా_12
మూడో రోజుకే ఎందుకొస్తుందో కూడా చెప్పండి, చాలామంది "మూడు రోజులు బాగుంది, తర్వాత పోయింది" అనుకుంటారు.

కాన్‌బస్_కండక్టర్
రెండు ట్రిప్పుల లెక్క. మొదటి ట్రిప్పులో తప్పు కనబడితే పెండింగ్‌లో రాసుకుంటుంది, అది మోడ్ 07. వెంటనే తర్వాతి ట్రిప్పులోనూ అదే కనబడితే ఖాయమైన కోడ్ అవుతుంది, మోడ్ 03లోకి వెళ్తుంది, లైట్ వెలుగుతుంది. పైగా చెరిపాక ట్రిమ్ సున్నా నుంచి మళ్ళీ ఎక్కాలి. ఆ మూడు రోజులూ బండి బాగున్నట్టు కాదు, ఈసీయూ లెక్క కట్టుకుంటోంది. అందుకే చెరిపిన మర్నాడు మోడ్ 07 చూడండి, లైట్ కంటే ముందే తెలిసిపోతుంది.

కార్బ్యురేటర్_కాలం
ఇదంతా ఎందుకు, బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ పావుగంట తీసి పెట్టండి, లైట్ పోతుంది.

మల్టీమీటర్_మామ
లైట్ పోతుంది, రోగం పోదు. పోగా పవర్ విండో ఆటో పోతుంది, కొన్ని బండ్లలో రేడియో లాక్ పడుతుంది, థ్రాటిల్ ఐడిల్ మళ్ళీ నేర్చుకోవాలి. కొత్త బండ్లలో మోడ్ 0ఏలో పర్మనెంట్ కోడ్ అని ఒకటుంది. అది బ్యాటరీ తీసినా పోదు, స్కానర్‌తో చెరిపినా పోదు. ఆ మానిటర్ తనే మళ్ళీ నడిచి "బాగుంది" అని తేల్చుకున్నాకే పోతుంది. సరిగ్గా మీలాంటి వాళ్ళ కోసమే పెట్టారు దాన్ని.

కార్బ్యురేటర్_కాలం
మాలాంటి వాళ్ళ కాలంలో లైటే లేదు. చెవి ఉండేది.

ఐడిల్_ఊగుడు
ఇదిగో ఫ్రీజ్ ఫ్రేమ్. కోడ్ పీ0171. స్పీడు 0, ఆర్పీఎం 720, కూలెంట్ 88 డిగ్రీలు, లోడ్ 21 శాతం, షార్ట్ టర్మ్ ట్రిమ్ +9.4, లాంగ్ టర్మ్ +19.5.

పానా_12
కేసు సగం తేలిపోయింది. బండి నిలబడి ఉంది, వేడెక్కి ఉంది, ఐడిల్‌లో ఉంది. ఎయిర్ లాగుతోంది.

నల్లపొగ_డీజిల్
అంత తొందరెందుకు. పెట్రోలు పంపు బలహీనమైనా, మాఫ్ మురికి పట్టినా ఇదే కోడ్ వస్తుంది.

పానా_12
వస్తుంది, కానీ ఐడిల్‌లో ఇంత రాదు. ఒక్క పరీక్షతో తేలుతుంది. ఇంజిన్ వేడెక్కాక, ఏసీ ఆపి, న్యూట్రల్‌లో రెండు నిమిషాలు ఐడిల్, ట్రిమ్‌లు రెండూ రాసుకోవాలి. తర్వాత 2500 ఆర్పీఎం దగ్గర కదలకుండా ఒక నిమిషం పట్టి మళ్ళీ రాసుకోవాలి. షార్ట్, లాంగ్ రెండూ కలిపి చూడాలి, విడివిడిగా కాదు. మాఫ్ గ్రాములు కూడా పక్కనే రాయి.

ఐడిల్_ఊగుడు
ఐడిల్‌లో షార్ట్ +4.7, లాంగ్ +18.0, మాఫ్ సెకనుకి 2.0 గ్రాములు. 2500లో షార్ట్ +0.8, లాంగ్ +3.9, మాఫ్ 8.8 గ్రాములు.

మల్టీమీటర్_మామ
ఇక పానా చెప్పిందే. లెక్క చూడండి. ఐడిల్‌లో మొత్తం దాదాపు 23 శాతం, 2500లో దాదాపు 5. ఎక్కడో కన్నం పడి మాఫ్‌కి తెలియకుండా సెకనుకి 0.45 గ్రాముల గాలి దూరుతోందనుకోండి. ఐడిల్‌లో లోపలికెళ్ళే గాలే 2 గ్రాములు కాబట్టి ఆ దొంగగాలి అందులో 22 శాతం. అదే 0.45ని 8.8లో చూస్తే 5 శాతం. అంకెలు అతికినట్టు సరిపోయాయి. పైగా ఐడిల్‌లో థ్రాటిల్ మూసి ఉంటుంది, మానిఫోల్డ్‌లో (సిలిండర్లకి గాలి పంచే గొట్టాల్లో) వాక్యూమ్ ఎక్కువ, కన్నం గట్టిగా పీలుస్తుంది.

పంపు బలహీనమైతే దీనికి తిరగబడి ఉంటుంది. ఐడిల్‌లో బాగానే ఉండి, ఎత్తు ఎక్కేటప్పుడు, గట్టిగా తొక్కినప్పుడు ట్రిమ్ పైకి పోతుంది. మురికి పట్టిన మాఫ్ కూడా గాలి పెరిగేకొద్దీ తక్కువ చెబుతుంది. ఆ రెండింటినీ విడదీయాలంటే ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ పెట్టాల్సిందే. పోర్ట్ ఇంజెక్షన్‌లో మామూలుగా 3 నుంచి 4 బార్, ఆ ఇంజిన్‌కి కచ్చితమైన అంకె దాని మాన్యువల్‌లో చూసుకోవాలి.

నల్లపొగ_డీజిల్
సరే, వెనక్కి తగ్గా. ఒక్క చిన్న పాయింట్ మిగిలింది. సైలెన్సర్ వైపు, ముందు ఆక్సిజన్ సెన్సర్‌కి ముందున్న జాయింట్ లీకైనా బయటి గాలి లోపలికి దూరి సెన్సర్ లీన్ అని అబద్ధం చెబుతుంది. అదీ ఐడిల్‌లోనే ఎక్కువ కనబడుతుంది.

మల్టీమీటర్_మామ
నిజమే, ఒప్పుకుంటా. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర టకటక శబ్దం, గాస్కెట్ చుట్టూ నల్లమసి ఉందేమో చూడాలి. వేడెక్కితే ఇనుము వ్యాకోచించి శబ్దం ఆగిపోతుంది, అందుకే చల్లగా ఉన్నప్పుడే చూడాలి.

స్కానర్_సుబ్బు
నా బండికి మాఫ్ లేదు, మ్యాప్ సెన్సర్ (మానిఫోల్డ్ ప్రెషర్ కొలిచేది) ఉంది. ఈ లెక్క దానికీ వర్తిస్తుందా?

పానా_12
అంతగా కాదు. దొంగగాలి దూరితే మానిఫోల్డ్ ప్రెషర్ పెరుగుతుంది, మ్యాప్ దాన్ని చూసేస్తుంది, ఈసీయూ దానికి తగ్గ పెట్రోలు వేస్తుంది. అందుకని లీన్ కోడ్ కంటే ఐడిల్ పైకెక్కి కూర్చోవడమే ఎక్కువ కనబడుతుంది. అక్కడ పీ0507 (ఐడిల్ ఉండాల్సిన దానికంటే ఎక్కువ) లాంటిది రావచ్చు.

నిశ్శబ్ద_పాఠకి
మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. నా అడాప్టర్ పెడితే దానిలో లైటే వెలగడం లేదు. స్నేహితురాలి బండిలో పెడితే వెలుగుతోంది. బండి ఈసీయూ పోయినట్టా?

కాన్‌బస్_కండక్టర్
ఈసీయూ దాకా వెళ్ళకండి. ముందు సిగరెట్ లైటర్ సాకెట్ పనిచేస్తుందో చూడండి. చాలా బండ్లలో ఆ సాకెట్టూ ఓబీడీ పోర్టూ ఒకే ఫ్యూజు మీద ఉంటాయి. ఛార్జర్ పెట్టి ఫ్యూజు కాల్చుకున్నాక స్కానర్ కూడా మూగబోతుంది.

అది బాగుంటే మల్టీమీటర్ తీయండి. పోర్టు వెడల్పు వైపు పైకి ఉండేలా ఎదురుగా చూస్తే పై వరస ఎడమ నుంచి 1 నుంచి 8, కింది వరస 9 నుంచి 16. పదహారో పిన్నులో తాళం తీసేసినా బ్యాటరీ వోల్టేజీ ఉండాలి. నాలుగు బాడీ ఎర్త్, అయిదు సిగ్నల్ ఎర్త్. 16కీ 4కీ మధ్య 12 వోల్టులు రాకపోతే ఫ్యూజో వైరో. మీటర్ మొన పిన్ను లోపలికి గుచ్చి వెడల్పు చేయొద్దు, అంచుకి ఆనిస్తే చాలు.

నిశ్శబ్ద_పాఠకి
లైటర్ సాకెట్ పనిచేయడం లేదు! ఫ్యూజు చూస్తా.

ఎర్త్_వైరు
ఫ్యూజు మారుస్తూ "15 బదులు 20 వేస్తే మళ్ళీ పోదు" అని మాత్రం ఎవరూ చెప్పకండి. దాని మీద రాసిన అంకే వేయాలి. ఎక్కువది వేస్తే ఫ్యూజు బతుకుతుంది, వైరు కాలుతుంది.

నిశ్శబ్ద_పాఠకి
ఫ్యూజే. మార్చాక అడాప్టర్ వెలిగింది. లైటర్ సాకెట్లో ఒక చిల్లర నాణెం ఇరుక్కుని ఉంది.

కార్బ్యురేటర్_కాలం
బండికి హుండీ ఉందన్నమాట.

హెక్స్_పిచ్చి
యాప్‌లు వదిలేసి టెర్మినల్లో కొట్టడం నేర్చుకోండి, ఏది నిజమో తెలుస్తుంది. ముందు ఏటీజెడ్, అడాప్టర్ రీసెట్. తర్వాత ఏటీఎస్పీ0, ప్రోటోకాల్ అదే వెతుక్కుంటుంది. 03 పంపితే ఖాయమైన కోడ్లు. ఐడిల్_ఊగుడు బండిలో జవాబు 43 01 01 71 అని వస్తుంది. 43 అంటే 03కి జవాబు, తర్వాతి 01 అంటే ఒక కోడ్ ఉందని, 01 71 అసలు కోడ్.

మొదటి అంకెలోని మొదటి రెండు బిట్లే అక్షరాన్ని చెబుతాయి. 00 అయితే పీ, అంటే ఇంజిన్, గేర్‌బాక్స్. 01 అయితే సీ, ఛాసిస్. 10 అయితే బీ, బాడీ. 11 అయితే యూ, నెట్‌వర్క్. సీ1 21 అని వచ్చిందంటే దాన్ని సీ అనుకోకూడదు. సీ అనే హెక్స్ అంకె బైనరీలో 1100, మొదటి రెండూ 11, కాబట్టి అది యూ0121, ఏబీఎస్‌తో మాట తెగిపోయిందని.

ట్రిమ్ కూడా అంతే. 01 07 పంపితే 41 07 99 వస్తుంది. హెక్స్ 99 అంటే 153. అందులోంచి 128 తీస్తే 25, దాన్ని 100తో గుణించి 128తో భాగిస్తే +19.5. పైన ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఉన్న అంకె అదే. ట్రిమ్‌లు ఎప్పుడూ 0.8 చొప్పున గెంతుతూ కనిపించేది ఇందుకే, ఒక్కో మెట్టు 0.78 శాతం.

స్కానర్_సుబ్బు
నా పాత బండిలో జవాబు 43 01 71 00 00 00 00 అని వస్తోంది. 01 అంటే ఒక కోడ్, కోడ్ పీ7100 అనుకోవాలా?

హెక్స్_పిచ్చి
అదే ఉచ్చు. నీది కాన్ (బండిలోని మాడ్యూళ్ళు మాట్లాడుకునే కొత్త రకం నెట్‌వర్క్) కాదు, పాత ప్రోటోకాల్. వాటిలో కోడ్ల లెక్క చెప్పే బైటు ఉండదు. 43 తర్వాత నేరుగా మూడు కోడ్ల స్థలం, ఒక్కోటి రెండు బైట్లు, ఖాళీవి 00 00. నీదీ పీ0171 మాత్రమే. ఏటీడీపీ కొడితే ఏ ప్రోటోకాల్లో ఉన్నావో చెబుతుంది.

స్కానర్_సుబ్బు
ఊళ్ళో అందరికీ ఇదే కోడా!

ఎర్త్_వైరు
ఒక హెచ్చరిక. 2.1 అని చెప్పుకునే చవక నకిలీ అడాప్టర్లు చాలా ఆజ్ఞలకి ప్రశ్నార్థకం పెడతాయి, పొడుగు జవాబులు సగంలో కోసేస్తాయి. కోడ్లు చదవడానికి చాలావరకు పనికొస్తాయి, అయిదారు ట్రిమ్‌లు, ఆర్పీఎం ఒకేసారి చూడాలంటే నత్తనడక. ఐఫోన్ ఉన్నవాళ్ళు మామూలు బ్లూటూత్ రకం కొని జత కావడం లేదని తిట్టుకుంటారు. వాళ్ళకి వైఫైదో బ్లూటూత్ ఎల్ఈదో కావాలి. ఇంకోటి, పని అయ్యాక పోర్టులోంచి పీకేయండి. పదహారో పిన్ను ఎప్పుడూ బతికే ఉంటుంది కాబట్టి అది రాత్రీ పగలూ బ్యాటరీ తాగుతూనే ఉంటుంది.

నల్లపొగ_డీజిల్
ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్లు ఇందులో కనబడవని కూడా చెప్పండి. "స్కాన్ చేశా, ఏ కోడూ లేదు, మరి ఎయిర్‌బ్యాగ్ లైట్ ఎందుకు వెలుగుతోంది" అని నెలకొకరు అడుగుతారు. సాధారణ ఓబీడీ మోడ్లు ఉద్గారాలకి సంబంధించినవే చదువుతాయి. మిగతా మాడ్యూళ్ళకి ఆ కంపెనీ భాష తెలిసిన స్కానర్ కావాలి. ఎయిర్‌బ్యాగ్ పసుపు కప్లర్లలో మల్టీమీటర్ గుచ్చడం అసలు వద్దు, మీటర్ పంపే చిన్న కరెంటుకి కూడా పేలే ప్రమాదం ఉంది.

స్కానర్_సుబ్బు
హెక్స్ అన్న చెప్పిన యూ0121 నిజంగానే ఉంది నాకు, ఇంకో బండిలో. ఏబీఎస్ మాడ్యూల్ మార్చాలా?

కాన్‌బస్_కండక్టర్
ఈ చర్చలో "మార్చాలా" అన్న ప్రతిసారీ ఒక రూపాయి వేయించాలి. యూ0121 ఒక్కటే ఉందా, యూ కోడ్లు గుంపుగా ఉన్నాయా? గుంపుగా ఉంటే ముందు బ్యాటరీ. ఇంజిన్ ఆపి కొన్ని గంటలయ్యాక 12.4 నుంచి 12.7, నడుస్తుంటే దాదాపు 13.7 నుంచి 14.7 ఉండాలి. స్టార్టర్ తిరిగేటప్పుడు 9.6 కంటే దిగితే మాడ్యూళ్ళు ఒక్కొక్కటీ కళ్ళు తేలేసి "వాడు పలకడం లేదు, వీడు పలకడం లేదు" అని కోడ్లు రాసేస్తాయి.

బ్యాటరీ బాగుంటే నెగెటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగి, పోర్టులో కాన్ వైర్లు వచ్చే 6కీ 14కీ మధ్య ఓములు కొలువు. 60 రావాలి. రెండు చివరలా 120 ఓముల రెసిస్టర్లు ఒక్కోటి ఉంటాయి, రెండూ పక్కపక్కనే కలిస్తే 60. 120 వస్తే ఒక చివర తెగింది. సున్నా దగ్గర వస్తే రెండు వైర్లూ అతుక్కున్నాయి. 60 వచ్చి ఒక్క ఏబీఎసే పలకకపోతే దాని ఫ్యూజు, దాని ఎర్త్, దాని కప్లర్‌లో నీళ్ళు, ఈ వరసలో చూడు. గేట్‌వే (పోర్టుకీ లోపలి నెట్‌వర్క్‌కీ మధ్య ఉండే మాడ్యూల్) ఉన్న బండ్లలో పోర్టు నుంచి కొలిస్తే లోపలి బస్సు కనబడదు, అది గుర్తుంచుకో.

కార్బ్యురేటర్_కాలం
బస్సు అంటే కండక్టరే చెప్పాలి మరి.

ఐడిల్_ఊగుడు
నా బండి సంగతి మర్చిపోయారు. ఎయిర్ లాగుతుంటే ఎక్కడో ఎలా పట్టాలి? కార్బ్ క్లీనర్ కొడితే ఆర్పీఎం మారుతుందని వీడియోల్లో చూశా.

పానా_12
అవును, ఐడిల్‌లో పెట్టి ఇంటేక్ గాస్కెట్ చుట్టూ, హోసుల చుట్టూ కొద్దికొద్దిగా కొట్టు. కన్నం దగ్గర పడగానే పీల్చుకుంటుంది, ఆర్పీఎం మారుతుంది.

మల్టీమీటర్_మామ
నాకు నచ్చదు. వేడి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద మండే ద్రవం. తెలియక క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొడితే వేడికి విషవాయువు వస్తుంది. పైగా ఐడిల్‌ని ఈసీయూ సర్దేస్తుంది కాబట్టి ఆర్పీఎం మారలేదని కన్నం లేదనుకుంటారు. కొట్టినా ఆర్పీఎం చూడకూడదు, షార్ట్ టర్మ్ ట్రిమ్ చూడాలి. టక్కున కిందికి పడితే అక్కడే.

దానికంటే తేలిక పని ఉంది. గుడ్డ చుట్టిన పట్కారుతో మానిఫోల్డ్‌కి వెళ్ళే రబ్బరు హోసులు ఒక్కొక్కటీ నొక్కు, ఫోన్లో షార్ట్ టర్మ్ చూస్తూ. నొక్కగానే ట్రిమ్ పడిపోయిందంటే గాలి ఆ హోసు దారిలోనే వస్తోంది. పీసీవీ హోసు (ఇంజిన్ అడుగున చేరే ఆయిల్ ఆవిరిని మానిఫోల్డ్‌కి పంపేది), బ్రేక్ బూస్టర్ హోసు, పర్జ్ వాల్వ్ హోసు (ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని పంపేది), ఈ మూడింటితో సగం కేసులు తేలుతాయి. ప్లాస్టిక్ గొట్టాలని మాత్రం నొక్కకు, విరుగుతాయి.

ఎర్త్_వైరు
వీటికి ఇంకొన్ని కలుపుతా. మాఫ్‌కీ థ్రాటిల్‌కీ మధ్య ముడతల రబ్బరు పైపు. పైకి బాగుంటుంది, చేత్తో వంచితే ముడత లోపల పగులు నోరు తెరుస్తుంది. బ్రేక్ బూస్టర్ అయితే పెడల్ తొక్కినప్పుడు ఉస్సుమని శబ్దంతో ఐడిల్ మారుతుంది. పర్జ్ వాల్వ్ అయితే చల్లటి ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ట్యాంకు వైపు హోసు పీకి వేలు పెట్టు. లాగకూడదు. లాగుతుంటే వాల్వ్ మూసుకోవడం లేదు. ఆయిల్ మూత, డిప్‌స్టిక్ రబ్బరు కూడా చూడు, మాఫ్ ఉన్న బండికి అవీ దొంగదారులే.

నల్లపొగ_డీజిల్
ఇవేవీ తేలకపోతే స్మోక్ టెస్ట్. ఎలక కలుగులో పొగ పెట్టినట్టే. ఇంజిన్ ఆపి, మాఫ్ దగ్గర పైపు మూసేసి, వాక్యూమ్ హోసు దారిలో పొగ పంపితే ఎక్కడ్నుంచి బయటికొస్తుందో అక్కడే కన్నం. ఒక పీఎస్ఐ కంటే ఎక్కువ ప్రెషర్ వద్దు. కంప్రెసర్ గాలి నేరుగా పెట్టి సీళ్ళు ఊడగొట్టుకున్న బండ్లు ఉన్నాయి.

ఐడిల్_ఊగుడు
ఈ లోపల ఆ పీ0300 సంగతేంటి? ప్లగ్గులూ కాయిళ్ళూ చూడనా?

పానా_12
ముందు లీన్ సరిచెయ్. పెట్రోలు చాలని మిశ్రమం ఒక్కోసారి అంటుకోదు, అదే మిస్‌ఫైర్. పీ0300 అంటే ఒక సిలిండర్ అని కాకుండా అక్కడా ఇక్కడా అని. లీన్‌కి ఇదే తగ్గ కోడ్. పీ0302 అని ఒకే సిలిండర్ చూపిస్తే అప్పుడు రెండో కాయిల్ మూడో దానితో మార్చి చూస్తాం. కోడ్ కూడా పీ0303కి మారితే కాయిల్. మారకపోతే ప్లగ్గు, ఇంజెక్టర్, కంప్రెషన్.

ఒక్కటి గుర్తుంచుకో. లైట్ నిలకడగా వెలగడం వేరు, ఆరుతూ వెలుగుతూ కొట్టుకోవడం వేరు. కొట్టుకుంటుంటే మిస్‌ఫైర్ అంత ఎక్కువగా ఉందని, కాలని పెట్రోలు కాటలిస్ట్‌లోకి (ఎగ్జాస్ట్ దారిలో పొగని శుద్ధి చేసే భాగం) పోయి అక్కడ కాలుతోందని. యాక్సిలరేటర్ వదిలి పక్కకి ఆపాలి. లేకపోతే కాయిల్ ఒక్కటి మార్చాల్సిన చోట కాటలిస్ట్ కూడా మార్చాలి.

నిశ్శబ్ద_పాఠకి
ఫ్యూజు మార్చాక నాకూ ఒక కోడ్ వచ్చింది, పీ0113, ఇంటేక్ ఎయిర్ టెంపరేచర్ సర్క్యూట్ హై. యాప్‌లో ఇంటేక్ గాలి వేడి మైనస్ 40 డిగ్రీలు చూపిస్తోంది.

కార్బ్యురేటర్_కాలం
స్వెట్టర్ వేసుకుని నడపండి.

మల్టీమీటర్_మామ
మైనస్ 40 కనబడితే దాదాపు ఎప్పుడూ వైరు తెగడమో కప్లర్ ఊడడమో. ఆ సెన్సర్ వేడెక్కితే రెసిస్టెన్స్ తగ్గే రకం. వైరు తెగితే రెసిస్టెన్స్ అనంతం, ఈసీయూకి 5 వోల్టులు పూర్తిగా కనబడతాయి, గడ్డకట్టే చలి అనుకుంటుంది. కోడ్ పేరులో "హై" అన్నది వేడి గురించి కాదు, వోల్టేజీ గురించి.

కప్లర్ పీకి దాని రెండు పిన్నులూ ఒక చిన్న వైరుతో కలపండి. యాప్‌లో అంకె ఒక్కసారిగా వందకు పైగా ఎగిరితే వైర్లూ ఈసీయూ బాగున్నట్టు, తప్పు సెన్సర్‌దే. మైనస్ 40 కదలకపోతే వైరు తెగింది. చాలా మాఫ్‌లలో ఈ సెన్సర్ లోపలే ఉంటుంది, అప్పుడు కప్లర్‌లో అయిదు పిన్నుల దాకా ఉంటాయి, ఏ రెండో వైరింగ్ పటం చూడకుండా కలపకండి. ఈ మధ్య ఎయిర్ ఫిల్టర్ ఎవరైనా మార్చారా?

నిశ్శబ్ద_పాఠకి
పోయిన వారమే మార్చారు. చూస్తే కప్లర్ సగం దాకానే పెట్టి ఉంది. నొక్కాక 34 డిగ్రీలు చూపిస్తోంది. కోడ్ చెరపనా, అదే పోతుందా?

కాన్‌బస్_కండక్టర్
రెండూ సరే. వదిలేస్తే మూడు ట్రిప్పులు వరసగా తప్పు కనబడకపోతే లైట్ ఆరుతుంది, కోడ్ జ్ఞాపకంలోంచి పోవడానికి 40 వార్మప్ సైకిళ్ళు. వార్మప్ అంటే కూలెంట్ కనీసం 22 డిగ్రీలు పెరిగి 71 దాటాలి. వీధి చివరిదాకా వెళ్ళొస్తే లెక్కలోకి రాదు. ఫ్రీజ్ ఫ్రేమ్ రాసుకుని చెరిపేసినా తప్పు లేదు, కారణం తెలిసింది కదా. ఉద్గారాల పరీక్ష దగ్గరలో ఉంటే మాత్రం చెరపకండి. మానిటర్లు అసంపూర్తిగా ఉన్నాయని వెనక్కి పంపే చోట్లున్నాయి. ట్యాంకు ఆవిరి మానిటర్ అన్నిటికంటే మొండిది. రాత్రంతా చల్లబడ్డ ఇంజిన్, ట్యాంకు నిండుగానూ ఖాళీగానూ కాకుండా మధ్యలో, ఇవన్నీ కుదిరితేనే నడుస్తుంది.

ఐడిల్_ఊగుడు
దొరికింది! పీసీవీ హోసు నొక్కగానే షార్ట్ టర్మ్ +5 నుంచి మైనస్ 14కి పడిపోయింది. బ్రేక్ బూస్టర్, పర్జ్ నొక్కితే ఏమీ మారలేదు. హోసు విప్పి చూస్తే మానిఫోల్డ్ కింద మోచేయి వంపు దగ్గర, పై నుంచి కనబడని వైపు, గోరంత పొడుగు చీలిక. ఆయిల్ తగిలి రబ్బరు మెత్తగా జిగురులా అయింది.

పానా_12
మైనస్ 14 ఎందుకో అర్థమైందా? లాంగ్ టర్మ్ ఇంకా పాత +18 లోనే ఉంది. గాలి ఆగిపోయేసరికి పెట్రోలు ఎక్కువైంది, షార్ట్ టర్మ్ దాన్ని కిందికి లాగుతోంది. కొత్త హోసు వేశాక ఇప్పుడు చెరుపు. ఈసారి చెరపడానికి కారణం ఉంది.

ఎర్త్_వైరు
హోసుతో పాటు పీసీవీ వాల్వ్ కూడా ఊపి చూడు. లోపల టకటకమని కదలాలి. ఇరుక్కుంటే ఆయిల్ ఆవిరి ఎక్కువై కొత్త హోసునీ తినేస్తుంది. వేసేది ఆయిల్‌కి తట్టుకునే రబ్బరే కావాలి. నీళ్ళ పైపు ముక్క వేస్తే కొన్ని నెలలకే ఇక్కడికే వస్తావు.

మల్టీమీటర్_మామ
మాఫ్ జోలికి ఇప్పుడే పోకు. ఒకేసారి రెండు పనులు చేస్తే ఏది కుదిర్చిందో తెలీదు. ట్రిమ్‌లు చూశాక అవసరమైతే మాఫ్ క్లీనర్‌తో మాత్రమే, తీగ ముట్టుకోకుండా, పూర్తిగా ఆరాక బిగించు.

ఐడిల్_ఊగుడు
హోసు, వాల్వ్ రెండూ మార్చా. వాల్వ్ ఊపితే పలకలేదు. చెరిపి నాలుగు రోజులు నడిపా. ఐడిల్‌లో షార్ట్ 0, లాంగ్ +2.3. 2500లో షార్ట్ 0.8, లాంగ్ +1.6. ఐడిల్ 700 దగ్గర కదలకుండా ఉంది. మోడ్ 07 ఖాళీ. ముందు ఆక్సిజన్ సెన్సర్ 0.1కీ 0.8కీ మధ్య చకచకా తిరుగుతోంది, యాక్సిలరేటర్ వదిలితే సున్నాకి, తొక్కితే 0.9కి.

నల్లపొగ_డీజిల్
మార్చేద్దామన్న సెన్సర్ అదేనా?

ఐడిల్_ఊగుడు
అదే.

స్కానర్_సుబ్బు
నా పాత బండిలో కూడా పీసీవీ హోసు నొక్కి చూశా. ట్రిమ్ కదల్లేదు. 2500లో ఇంకా పెరుగుతోంది, +21.

పానా_12
నీది తిరగబడ్డ కేసు. ప్రెషర్ గేజ్ తెచ్చుకో, కొత్త చర్చ మొదలుపెట్టు. ఫ్రీజ్ ఫ్రేమ్ మొదటి పోస్టులోనే పెట్టు.